పద్నాలుగో నంబరు పీసులు

వైజాగ్ నుంచి వాపసు వచ్చిన మూడు పెట్టెలను సోమవారం పొద్దున స్టోరు ముందు దించారు. ధనలక్ష్మి డ్యూటీ ఎక్కడానికి పోతూ, పెట్టెల మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసిన నంబర్లు చదివి అక్కడే ఆగిపోయింది. ముప్ఫై ఆరు పీసులు. అన్నింటి చివరా పద్నాలుగే. ఆ కంపెనీలో రబ్బరు పోసిన మనిషి నంబరు ప్రతి పీసు మెడ మీదా చెక్కుతారు. పద్నాలుగంటే ధనలక్ష్మి.

లోపలివాళ్లు పీసు అనేదాన్ని కాగితాల్లో హైడ్రోఫోన్ అని రాస్తారు. సముద్రం అడుగున పెట్టే చెవి అది. సిరామిక్ కడియానికి తీగ అతికి, కింద ఉక్కు కాలరు తొడిగి, మొత్తాన్నీ నల్లటి రబ్బరుతో పోత పోస్తారు. హైదరాబాద్ పక్కనున్న పాశమైలారంలో సముద్రం ఎక్కడిదని నవ్వకండి. వైజాగ్ సముద్రం ఆరువందల కిలోమీటర్ల అవతల ఉంది. అయినా పీసుల్ని పరీక్షించడానికి కంపెనీలో ఇరవై అడుగుల లోతు ట్యాంకు నిండా తేటనీళ్లున్నాయి. ఆ ట్యాంకు పక్కన పనిచేసే ఆడవాళ్లు కాపురముండే చిట్కుల్‌లో మాత్రం నల్లా మూడు రోజులకోసారి వస్తుంది.

ఈ చెవులు ఎవర్ని వినడానికో ఎవరూ దాచలేదు. కంపెనీ యజమాని కామరాజుగారు ఏటా ఆగస్టు పదిహేనున జెండా కింద నిలబడి చెబుతూనే ఉంటారు. మామూలు జలాంతర్గామి గాలి కోసం పైకి రాక తప్పదు. చైనావాడి అణు జలాంతర్గామి నెలల తరబడి రాదు. కంటికి కనబడదు, రాడారుకు దొరకదు. కానీ దాని కడుపులో రియాక్టరును చల్లబరిచే పంపులు తిరుగుతూనే ఉంటాయి. ఆ సన్నటి రొద నీళ్లలో ఎంతో దూరం పోతుంది. ఏ పడవ రొద దానిదే, విని పేరు చెప్పేవాళ్లున్నారు. సముద్రం అడుగున పరిచిన వరసలో ఒక్క చెవి చెవిటిదైనా వాడు అక్కడి నుంచే దూరతాడు. ఇంత చెప్పి ఆయన లడ్డూలు పంచుతారు.

పదింటికి సూపర్‌వైజర్ మహేంద్ర అందరినీ పిలిచాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో రిటైరైన తండ్రికి కొడుకు. పుట్టింది, పెరిగింది పటాన్‌చెరులోనే అయినా మాటలో మాత్రం తండ్రి ఊరు పోలేదు.

"ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఒక పీసు అంచు గీకి చూశారట. కాలరుకీ రబ్బరుకీ మధ్య నూనె ఉంది. పట్టు వదిలేసి, ఐదు నెలల్లో నీళ్లు లోపలికి దిగిపోయాయి. నూనె ఎక్కణ్ణుంచి వస్తుంది? తలల్నుంచే వస్తుంది. రేపట్నుంచి అందరూ రెండేసి క్యాపులు పెట్టుకోవాలి." అక్కడాగి, ధనలక్ష్మి వైపు చూడకుండా అన్నాడు. "ధనలక్ష్మి పోత దగ్గరికి రావద్దు. గురువారం నేవీ ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ప్యాకింగ్‌లో ఉంటుంది."

"సార్, పనికొచ్చే దినాల నేను నెత్తికి నూనె పెట్టను," అంది ధనలక్ష్మి.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా ఆమె నూనె రాసేది శనివారం సాయంత్రం ఒక్కపూటే. ఆదివారం కుంకుడుకాయతో రెండుసార్లు కడిగి సోమవారం పనికి వస్తుంది. జుట్టు ఎర్రబడి గట్టిపడింది. అత్త ముత్యమ్మ దాన్ని జొన్న పీచంటుంది. ఈ సంగతి చెబుదామంటే మహేంద్ర అప్పటికే ఫోను ఎత్తి మాట్లాడుతూ వెళ్లిపోయాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి మాట వినడానికి ఆ కంపెనీలో ఇంకా ఏ పరికరమూ తయారు కాలేదు.

ప్యాకింగ్ గదికీ పోత గదికీ మధ్య అద్దం తలుపు. థర్మకోలు ముక్కల్ని పెట్టెల్లో సర్దుతూ ధనలక్ష్మి అటే చూస్తోంది. ఆమె బల్ల దగ్గర ఇప్పుడు చంద్రిక నిలబడింది. రెండేళ్ల సర్వీసు. రెండు డబ్బాల రసాయనాలు కలిపి గాజుమూత ఉన్న వ్యాక్యూమ్ పెట్టెలో పెట్టి మోటారు వేసింది. లోపల రబ్బరు పాలలా పొంగి, బుడగలు చిట్లి, మళ్లీ అడుగుకు కూర్చోవాలి. కూర్చున్నాక కూడా లోపల రెండో పొంగు ఉంటుంది. అది కళ్లకు కనబడదు. గాజు మీద చెయ్యి పెడితే సన్నగా అదురు తెలుస్తుంది. చంద్రిక మొదటి పొంగు తగ్గగానే మోటారు ఆపేసింది.

ధనలక్ష్మి అద్దం మీద వేళ్లతో కొట్టింది. ఆపొద్దన్నట్టు చెయ్యి ఊపింది. చంద్రిక చూసి మళ్లీ మోటారు వేసింది. అంతలో మహేంద్ర వచ్చి అద్దానికి లోపలివైపు పాత క్యాలెండరు అంటించి పోయాడు.

ధనలక్ష్మికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏప్రిల్‌లో పర్మనెంట్ చేసేవాళ్ల లిస్టులో ఆమెదే మొదటి పేరు. ఆ పేరు పోతే పోయింది కాబోలని సర్దుకుందామన్నా మనసు ఒప్పుకోలేదు. చెయ్యని తప్పు. అదీ నెత్తినూనె. ఇంతకన్నా తక్కువ మాట వాళ్లకు దొరకలేదా?

మంగళవారం అన్నం తిని వస్తున్న మహేంద్రను వరండాలో ఆపింది.

"సార్, గా పీసుల ఒక్కదాన్ని కొయ్యుండ్రి. మీ ముంగట్నే కొయ్యుండ్రి. నా చెయ్యి గట్టిగ ఉందో లేదో రబ్బరే చెప్తది."

"వాటికి నేవీ సీలుంది. ముట్టుకోకూడదు."

"మరి కొయ్యకుంటనే నెత్తినూనె అని ఎట్ల చెప్తుండ్రు?"

"ధనలక్ష్మీ, నన్ను విసిగించకు. నా మీదా ఒత్తిడి ఉంది."

"నా మీద లేదా సార్?"

అతను చేతి గడియారం చూసుకున్నాడు. ఆమె కామరాజుగారి గది దాకా వెళ్లింది. తలుపు తీసే ఉంది. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జారగా కాగితాలు చదువుతున్నారు. "ఏమ్మా?" అన్నారు గానీ తల ఎత్తలేదు. ఆమె మొత్తం చెప్పింది. శనివారం, ఆదివారం, కుంకుడుకాయ, పోతకు ముందు కాలరును జిడ్డు వదిలించే సాల్వెంట్‌తో మూడుసార్లు తుడవడం, గుడ్డ తెల్లగా రావడం. ఆయన ఒక పేజీ తిప్పారు. "సరే సరే, గురువారం చూద్దాం. నేవీ ఇన్‌స్పెక్టర్ మేడం వస్తున్నారుగా," అన్నారు. బయటికి వచ్చాక ధనలక్ష్మికి అనుమానం కలిగింది, ఆయన తన పేరైనా విన్నారా అని.

మధ్యాహ్నం టీ దగ్గర ఆడవాళ్లు ఒకరి క్యాపు ఒకరు వాసన చూసుకొని నవ్వుకుంటున్నారు. ఆమె రాగానే ఆపేశారు. అది ఇంకా కష్టమనిపించింది. చంద్రిక మాత్రం పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "అక్కా, ధార ఎంత సన్నగ పొయ్యాలె? నాకు బుడగలు వస్తున్నయి."

"నన్ను అడగకు. పోయి నూనె లేని నెత్తులోల్లను అడుగు."

చంద్రిక మొహం చిన్నబోయింది. రెండు గుక్కల టీ తాగాక ధనలక్ష్మికే ఉండబట్టలేదు. గ్లాసు ఎత్తి, మిగిలిన టీని దారంలా కప్పులోకి వంచి చూపించింది. "గింత. మోల్డు అంచు మీదికెల్లి పొయ్యి. నడుమకెల్లి పోస్తే గాలి చిక్కుతది. రెండో పొంగు అయ్యేదాక మోటారు ఆపకు, గాజు మీద చెయ్యి పెట్టి చూడు."

బుధవారం సాయంత్రం ఇంట్లో గొడవైంది. భర్త పాండు ట్రాలీ ఆటో నడుపుతాడు. చెడ్డవాడు కాదు. గొడవలంటే భయం, అంతే.

"ఒప్పుకుంటే ఏం పోయిందే? అవును సార్, నూనె పెట్టుకున్న, మల్ల పెట్టుకోను అను. అయిపాయె. మన్నిస్తరు."

"పెట్టుకోలేదు గద!"

"పెట్టుకోనోల్లు ఎవరున్నరే లోకంల? నూనెనే గద, దొంగతనమా?"

"దొంగతనమన్నా బాగుండు," అంది ధనలక్ష్మి. "గా పని నాకెంత మంచిగ వస్తదో నీకు ఎరుకనా? నెత్తి గోక్కున్న చెయ్యితోని పీసు ముట్టిన అంటుండ్రు. తొమ్మిదేండ్ల సంది ముట్టుకుంటున్న. ఒక్కటి వాపసు రాలే."

"ఇప్పుడు ముప్ఫై ఆరు వచ్చినయి గదా."

పాండు ఊరికే అన్నాడు. ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. ముత్యమ్మ కొడుకును తిట్టింది, కోడల్ని బతిమాలింది. ధనలక్ష్మి తినలేదు. ముప్ఫై ఆరు ఎందుకు వచ్చాయి? ఆ ప్రశ్న ఆమెకూ ఉంది. వాళ్లతో కొట్లాడే హడావుడిలో దాన్ని తనను తాను అడగలేదు.

గురువారం పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పేరు నాగవల్లి. నలభై అయిదేళ్లుంటాయి. నేత చీర మీద తెల్లకోటు, కాళ్లకు సేఫ్టీ బూట్లు. టీ వద్దంది, శాలువా వద్దంది. పెట్టెల సీళ్లు తనే తెంచి, నాలుగు పీసులు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి కోసి చూడాలి. కత్తి కాలరుకి తగలకూడదు. రబ్బరు కింద ఏముందో చెదరకుండా చూడాలి నాకు."

మహేంద్ర ఒకటి తీసుకొని కత్తి దించాడు. రబ్బరు తునకలు తునకలుగా ఊడింది, కాలరు మీద గీత పడింది.

"ఇలా కాదు. ఇవి పోసిందెవరు?" అంది నాగవల్లి.

ప్యాకింగ్ గదిలోంచి ధనలక్ష్మిని పిలిచారు. నాలుగు రోజుల తర్వాత పీసు చేతిలోకి వచ్చేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చెవిటిదే అయినా దాని బరువు ఆమెకు తెలుసు.

"రబ్బరును వేడినీళ్లల పెట్టాలె మేడం. అరగంట నానితే పొట్టు లెక్క వస్తది."

"సరే, నాననివ్వండి. నేను ట్యాంకు చూసి, వైజాగ్‌కి ఫోన్ చేసి వస్తాను." వెళ్లబోతూ నాగవల్లి ఆగింది. "అమ్మా, మీరు తెలుసుకోవాలి. ఈ ముప్ఫై ఆరూ ఒకే వరసలోవి. ఒకటి పోతే పక్కది వింటుంది. ఇవి ఒక్కొక్కటే తగ్గుతూ తగ్గుతూ పోయాయి. ఉత్త సముద్రపు చప్పుడే అనుకున్నారు మావాళ్లు. తేలేసరికి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజుల్లో అటునుంచి ఏం పోయిందో, అసలు పోయిందో లేదో కూడా మాకు తెలియదు. అందుకే నాకు అసలు కారణం కావాలి. తోచిన కారణం వద్దు."

తోచిన కారణం వద్దు. ఆ మాటకు ధనలక్ష్మి దండం పెట్టినంత పని చేసింది. నాలుగు రోజులుగా తను అరుస్తున్నది అదే.

అరగంటకు పీసు బయటికి తీసింది. బొటనవేలి గోరు అంచు కింద దూర్చి, చిన్నపిల్లకు తడిసిన చొక్కా విప్పినట్టు రబ్బరును కొంచెం కొంచెంగా మడిచింది. కామరాజుగారు, మహేంద్ర రెండు పక్కలా వంగి చూస్తున్నారు. రబ్బరు కాలరును వదిలింది. రబ్బరు పట్టుకోవడానికి ఉక్కుకు కొట్టే బూడిదరంగు ప్రైమరు పూతలోంచి పైకి ఊరి, సరిగ్గా మధ్యలో, పసుపు పచ్చటి మరక. గుండ్రంగా ఉంది. చిటికెన వేలి పక్క వేలు ఆనితే ఎంత పడుతుందో అంత.



ధనలక్ష్మి తన ఉంగరపు వేలిని చూసుకుంది. ఒక్కసారిగా అంతా కళ్ల ముందుకు వచ్చింది. పోయిన మహర్నవమి, ఆయుధ పూజ. ఓవెన్‌కు, వ్యాక్యూమ్ పెట్టెకు, ట్యాంకు మెట్లకు పసుపు కుంకుమలు. అమ్మవారి పటం ముందు అయిదు ట్రేలు, ట్రేకు పన్నెండు చొప్పున అరవై కాలర్లు. ముత్తయిదువవి, నీ పేరులోనే లక్ష్మి ఉంది, నువ్వే బొట్లు పెట్టమన్నారు కామరాజుగారు. తొమ్మిదేళ్లుగా ఆ పని ఆమెదే. నీళ్లు తగిలితే ఉక్కుకు తుప్పు పడుతుందని, పసుపును ఆమె దీపం నూనెలో కలుపుతుంది. అదొక జాగ్రత్త. ఒక్క కాలరునూ వదిలిపెట్టేది కాదు. సముద్రంలోకి పోయేవి, చల్లగా ఉండాలని ఒక్కొక్కదానికీ విడిగా అద్దేది.

ఏటా ఏమీ కాలేదు. సెలవులైపోయాక కాలర్ల మీద కంప్రెసరు గాలితో ఇసుక చిమ్మి మళ్లీ బ్లాస్టింగ్ చేసేవాళ్లు. బొట్టూ, నూనే, పైపొరా కలిసి లేచిపోయేవి. ఈసారి కంప్రెసరు పాడైంది. డెలివరీ తొందర. తుడిచి ప్రైమరు కొట్టేయండి అన్నాడు మహేంద్ర. ఆమె మూడుసార్లు తుడిచింది. గుడ్డ తెల్లగానే వచ్చింది. గరుకు ఉక్కు సందుల్లోకి దిగిన నూనె గుడ్డకు అందలేదు. బొట్టు సంగతి ఆమెకు ఆ రోజు గుర్తుకు రాలేదా? వచ్చింది. గుడ్డ తెల్లగా ఉంది కదా అనుకుంది.

"తుడిచెయ్," అన్నారు కామరాజుగారు నెమ్మదిగా. "ఆవిడ వచ్చేలోపల తుడిచెయ్యమ్మా."

ధనలక్ష్మి కదల్లేదు.

"చూడు, బొట్టు పెట్టింది నువ్వు. ఇది బయటికొస్తే పోయేది కూడా నువ్వే. పూజలో పసుపు పెట్టి పాడుచేశారంటే నేవీ దగ్గర మన పరువేం కావాలి? అదే తలనూనె అనుకో, చిన్న తప్పు. క్యాపులతో సరిపోతుంది. నువ్వు మళ్లీ పోత దగ్గరికి రావచ్చు. ఏప్రిల్ లిస్టు నేను ముట్టుకోను. మాటిస్తున్నా."

నాలుగు రోజులుగా తల ఎత్తని మనిషి ఇప్పుడు ఆమె కళ్లలోకి చూసి మాట్లాడుతున్నాడు. ధనలక్ష్మికి నవ్వొచ్చింది, మంటొచ్చింది. తన తప్పు లేదని ఇంతమందితో కొట్లాడింది. కొయ్యండి, కొయ్యండని గొంతు చించుకుంది. కోసి చూస్తే తన వేలే ఉంది. ఇప్పుడు తప్పించుకునే దారి ఒక్కటే, నెత్తినూనె. మహేంద్ర గుడ్డకు సాల్వెంట్ పోసి ఆమె ముందు పెట్టాడు.  ట్రే కార్డు మీద బ్లాస్టింగ్ అయినట్టు టైము రాసింది అతనే.

ఆమె గుడ్డ తీసుకుంది. వేళ్లకు అంటిన రబ్బరు జిగటను దానితో తుడుచుకొని కింద పెట్టింది. రెండో పీసు తీసి రబ్బరు వలిచింది. అక్కడా బొట్టే. మూడోది వలిచింది. బొట్టే. మూడింటినీ వరసగా పేర్చి నిలబడింది. బూట్ల చప్పుడు దగ్గరైంది.

నాగవల్లి కళ్లజోడు పెట్టుకొని వంగింది. "ఇదేంటి?"

"ప్రైమరు మరక మేడం. దానికి తోడు ఆపరేటరు తలనూనె..." అన్నారు కామరాజుగారు.

"బొట్టు మేడం," అంది ధనలక్ష్మి.  "నేనే పెట్టిన. ఆయుధ పూజ నాడు. పసుపును దీపం నూనెల కలిపి పెట్టిన. పండుగైనంక బ్లాస్టింగ్ చెయ్యలే. తుడిచి పోసిన. బొట్టు ఉండెనని నాకు యాదికుండె. చెప్పలే."

"ఈ ముప్ఫై ఆరింటికేనా?"

ధనలక్ష్మి తల అడ్డంగా ఊపింది. అడగకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"అరవైకి పెట్టిన మేడం. మూడు ట్రేలవే ఇవి. ఇంకా రెండు ట్రేలున్నయి, ఇరవై నాలుగు పీసులు. స్టోర్ల స్పేర్ కింద పెట్టినయి, పోయిన నెల లాట్ల పంపిండ్రు. గవి ఇంకా మంచిగనే వింటుండొచ్చు. ఎక్కువ రోజులు వినవు."

కామరాజుగారు కుర్చీలో కూర్చుండిపోయారు. నాగవల్లి రాస్తున్న పెన్ను ఆపి, అక్కడికక్కడే ఫోను తీసింది. "పోయిన నెల లాటు ఇంకా ఓడ మీదే ఉందా? ఉందా? దించకండి. నంబర్లు పంపుతున్నా. చివర పద్నాలుగు ఉన్నవన్నీ పక్కన పెట్టండి."

ఫోను పెట్టేసి ట్రే కార్డులు అడిగింది. మహేంద్ర తెచ్చి ఇచ్చాడు. బ్లాస్టింగ్ గడి మీద ఆమె వేలు ఆగింది. అడగకముందే అతను అన్నాడు, "ఆ టైము నేనే రాశాను మేడం. కంప్రెసరు ఆ వారం నడవలేదు." ధనలక్ష్మి అతని వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

మూడింటికల్లా కాగితాలు పూర్తయ్యాయి. అరవై పీసులూ కంపెనీ మళ్లీ చేసివ్వాలి. పూజ గోడకూ పటానికే గానీ పనిముక్కలకు ఉండకూడదు. మహేంద్రకు మెమో. పద్నాలుగో నంబరు ఆపరేటరును పోత పని నుంచి, కంపెనీ నుంచి తొలగించినట్టు కామరాజుగారే చిన్న అక్షరాల్లో ఒక లైను చేర్చారు. నాగవల్లి ఆ లైను చదివి, "ఇది నేను అడగలేదు," అంది. "ఇది మా కంపెనీ విషయం మేడం," అన్నారాయన. ఆమె తన బ్యాగు అందుకుంది. వైజాగ్ విమానానికి టైమైంది.

ధనలక్ష్మి తన పేరు పక్కన సంతకం పెట్టేముందు ఇంగ్లీషులో ఉన్న కారణం అన్న గడిని రెండుసార్లు చదివించుకుంది. అందులో బొట్టు ఉంది, తలనూనె లేదు. గేటు దాకా చంద్రిక వెంట వచ్చింది. "ఎందుకు చెప్పినవక్కా? నూనె అని ఊకుంటే అయిపోతుండె గదా," అని ఏడ్చింది. ధనలక్ష్మి ఆమె భుజం తట్టి ఆటో ఎక్కింది.

పాండు ఇంటి ముందు ఆటో టైరుకు గాలి చూస్తున్నాడు. భార్య ఎండపూటే రావడం చూసి లేచాడు.

"ఏమన్నరే?"

"తీసేసిండ్రు."

పాండు తల పట్టుకున్నాడు. "నెత్తినూనెకు గింత పని చేసిండ్రా?"

"నూనె కాదు," అంది ధనలక్ష్మి, గడప మీద కూర్చొని చెప్పులు విడుస్తూ. "నేను చేసిన తప్పుకే తీసేసిండ్రు. కాయితం మీద అదే రాసిండ్రు."

పాండుకు అర్థం కాలేదు. అందులో సంతోషించవలసింది ఏముందో ముత్యమ్మకూ అర్థం కాలేదు. కోడలు మాత్రం అన్నం పెట్టమని అడిగి, నాలుగు రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.